కోడిపెట్ట కన్నా చిన్న ఏనుగు

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ నిన్న మధ్యాహ్నం పోస్టులో వచ్చింది. భోంచేసి కుక్కిమంచంలో వాలి ఒకసారి, సాయంత్రం టీ తాగుతూ ఇంకోసారి చదివాను. సంక్రాంతి బొమ్మల కొలువులో కూర్చున్న కొండపల్లి అంబారీ ఏనుగు తాతగారి పొలం చూడ్డానికి బయల్దేరడం బాగుంది. దాన్ని మాత్రం ఎవరేం చెప్పినా మార్చకు.

కానీ మూడో పేరాలో ఏం చేశావు? గొడ్ల చావిట్లోకి రాగానే ఏనుగుకి ప్రాణం వచ్చేసింది. మాట్లాడింది, పరిగెత్తింది, దూడని పాము నుంచి కాపాడింది, చివర్లో పిల్లల్ని ఆకుకూరలు తినమంది. అంత పని నిజం ఏనుగు చేత చేయించొచ్చు కదమ్మా, మధ్యలో ఈ కర్రబొమ్మ ఎందుకు? బొమ్మని బొమ్మగా ఉండనివ్వు. పిల్లాడు ఎత్తి ఎక్కడ పెడితే అక్కడే ఉండాలి. దాని చుట్టూ చావిడి ఏం చేస్తుందో చూడు.

నా సంగతి చెప్తాను. ఏడేళ్లప్పుడు కొలువులోంచి ఏనుగుని చొక్కాలో దాచుకుని చావిట్లోకి పోయాను. ముందు ఎదురైంది కోడిపెట్ట. ఇంట్లో రాజుల్ని మోసే ఏనుగు అక్కడ కోడికి మెడ దాకా కూడా రాలేదు. కోడి తల పక్కకి వంచి ఒక కన్నుతో చూసింది, మళ్లీ అటు వంచి రెండో కన్నుతో చూసింది. ఏనుగు మీద పసుపు చుక్కలు గింజలనుకుందేమో, టకటకా నాలుగుసార్లు పొడిచింది. రెండు చుక్కలు లేచిపోయి, కింద వేసిన తెల్ల సున్నం కనపడింది.

తర్వాత గాడి అంచు మీద పెట్టాను. ఎద్దు ముట్టె దగ్గరికి తెచ్చి వాసన చూసి బుస్సుమంది. అంతే, ఏనుగు ఎగిరి పక్కనున్న కుడితి గోలెంలో పడింది! అది మునగలేదు. బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర మహా తేలిక. అంబారీ నిండా తవుడు పట్టించుకుని, గోలెంలో దర్జాగా గుండ్రంగా తిరిగింది. ఎద్దు తాగబోయి ఆగి, నా వంక చూసింది. ఆ చూపు ఇప్పటికీ రాయలేకపోయాను, అది వేరే సంగతి.

మర్నాటికి ఒక చెవి ఊడింది. ఎందుకో తెలుసా? కొండపల్లి వాళ్లు విడిభాగాలు వేరేగా చెక్కి మక్కుతో అతికిస్తారు. మక్కంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. కుడితిలో నానితే ఏమవుతుంది మరి! నీ కథలో ఏనుగు కాలవలో ఈదింది, పైకొచ్చింది, ఏమీ కాలేదు. ఏమైనా అయితేనే కదా పిల్లలకి టెన్షన్. ఒకసారి విజయవాడ నుంచి కొండపల్లి వెళ్లి, ఖిల్లా కింద బొమ్మల కాలనీలో ఒక పూట కూర్చుని రా. చెక్క ఆరబెట్టడం దగ్గర్నుంచి రంగు వేసేదాకా చూడు. అదే ఏటికొప్పాక బొమ్మ అయితే ఇంకో కథ రాయాలి. దాన్ని అంకుడు కర్రని లేత్ మీద తిప్పి, లక్క రంగు పట్టించి చేస్తారు, అంతా నునుపు, గుండ్రం. కళ్లం వాలులో పెడితే దొర్లుకుంటూ పోతుంది.

ఇంకోటి. పండగ పూట నీ తాతగారి చేను వరితో పచ్చగా ఊగుతోంది. మీది కృష్ణా డెల్టానే కదా? వానాకాలంలో వేసిన సార్వా వరి అప్పటికి కోతలైపోయి గడ్డివామి ఎక్కి ఉంటుంది. చేలో ఉండేది మినుము. వరి కొయ్యకముందే, నేల పదునుగా ఉండగానే చల్లేస్తారు కాబట్టి, పండగ నాటికి కొయ్యకాళ్ల మధ్య పచ్చగా లేచి ఉంటుంది. ఏనుగుని ఆ మినప మొక్కల్లో నిలబెట్టి చూడు. దానికి అది అడవి. నువ్వు వెతకాల్సిన అడవి అక్కడే ఉంది, లేని పాముని తేనక్కర్లేదు.

'పశువులన్నీ ఎంతో సంతోషించాయి' అని రాశావు. గేదె సంతోషిస్తే ఎలా ఉంటుందో నాకు తెలీదు. నెమరు ఆపి చెవులు ముందుకి తిప్పడం తెలుసు. అది రాయి, సంతోషం సంగతి పిల్లలు చూసుకుంటారు. ఆకుకూరల పేరా మొత్తం కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. ఆ వయసులో నేనూ అలాంటివి బోలెడు రాశాను. ఒక సంపాదకుడు 'కథ బాగుంది, ఉపన్యాసం తర్వాత వింటాం' అని కార్డు ముక్క మీద రాసి తిప్పి పంపాడు. వారం రోజులు అన్నం సహించలేదు.

కనుమ వెళ్లాక తిరగరాసి పంపు. టైపు చేయించక్కర్లేదు, నీ దస్తూరీ చదవగలను.

అన్నట్టు, ఊడిన చెవిని మా నాయనమ్మ చింతగింజలు నూరి ఉడికించి అతికించింది. తిట్టలేదు గానీ, చెవిని కాస్త ముందుకి వంచి పెట్టేసింది. మా కొలువులో ఆ ఏనుగు ఇప్పటికీ ఏదో వింటున్నట్టే కూర్చుంటుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు