కుందేళ్ల పోటీ కేసు ఉడుము దగ్గర తేలుతుంది

ప్రశ్న: మాది ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఒక పల్లె. ఉగాది అయ్యాక కుక్కలతో, వలలతో వేటకు పోవడం మా వైపు పాత అలవాటే. నాలుగేళ్లుగా అది పోటీగా మారింది. జట్టుకు రెండు వేలు ఎంట్రీ ఫీజు. ఎక్కువ కుందేళ్లు తెచ్చిన జట్టుకు ఇరవై వేలు, షీల్డు. కరపత్రాలు కూడా వేస్తున్నారు. ఈసారి కడుపుతో ఉన్న కుందేలును కుక్కలు చీల్చడం చూసి రెండు రోజులు అన్నం సయించలేదు. వద్దన్నందుకు ఊళ్లో నాతో మాట మానేశారు. ఆధారం ఉండాలని ఒక కుందేలును ఫ్రిజ్‌లో దాచాను. నాలుగేళ్ల ఫొటోలూ ఉన్నాయి. ఈ ఏటి ఫొటో ఒకదాంట్లో మా బావమరిది ఉడుమును భుజాన వేసుకుని ఉన్నాడు. అతణ్ని కత్తిరించేసి ఇవ్వొచ్చా? ఇలాంటి పోటీలను న్యూయార్క్‌లో చట్టం చేసి ఆపారని అక్కడున్న మా అబ్బాయి చెప్పాడు. మన రాష్ట్రంలోనూ చట్టం తెమ్మని హైకోర్టులో పిల్ వేయొచ్చా?

జవాబు: పిల్ సంగతి పక్కన పెట్టండి. న్యూయార్క్‌లో లైసెన్సు తీసుకుని, సీజన్‌లో కయోటీని (అక్కడి నక్క జాతి) చంపడం నేరం కాదు. అందుకే బహుమతి పెట్టి చంపడాన్ని విడిగా నిషేధించాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో గవర్నరు సంతకం చేస్తే 2024 నవంబరు నుంచి అమలైంది. అందులోనూ జింకకు, ఎలుగుబంటికి మినహాయింపు ఇచ్చారు. మన దగ్గర ఆ అవసరమే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ కింద కుందేలును చంపడమే నేరం. తరమడం, వల పన్నడం, చంపబోవడం కూడా వేట కిందికే వస్తాయి. బహుమతి ప్రకటించినవాళ్లు 52వ సెక్షన్ కింద ప్రేరేపించినవాళ్లు అవుతారు. ఆ కరపత్రం అసలు ప్రతి మీ దగ్గర ఉందా? ఉంటే మడత పడకుండా దాచండి. జల్లికట్టుకు సుప్రీంకోర్టు ఒప్పుకుంది కదా అని ఊళ్లో ఎవరైనా అంటే, అది పెంపుడు ఎద్దుల సంగతని చెప్పండి.

ఇక అసలు విషయం. ఉత్తరమంతా కుందేళ్ల గురించి రాసి, ఉడుము గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మీ కేసు ఆ వాక్యం మీదే నిలబడుతుంది. కుందేలు ఇప్పుడు ఆ చట్టం రెండో షెడ్యూలులో (రక్షణ ఉన్న జంతువుల రెండో జాబితాలో) ఉంది. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఏడాదికి మించి మూడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరానికి కేసు వేసే కాలపరిమితి కూడా మూడేళ్లే, కాబట్టి మొదటి ఏడాది కుందేళ్ల ఫొటోలు ఇక పనికిరావు. పైగా దీన్ని అటవీశాఖ డబ్బు కట్టించుకుని రాజీ చేసేయొచ్చు. ఉడుము ఒకటో షెడ్యూలు. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు. రాజీ లేదు, కాలపరిమితి లేదు.

అందుకే ఆ ఫొటో జోలికి పోవద్దు. కత్తిరించారో, మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క గట్టి సాక్ష్యం పోయినట్టే. ఫోన్‌లోని ఫొటోను కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెలు, అక్షరాల వరుస) రాయాలి. తర్వాత మార్చిన ఫైలుకు ఆ విలువ కలవదు. సాక్ష్యం మార్చారని ముద్దాయి మీ మీదే ఎదురు తిరుగుతాడు. ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి. వాట్సాప్‌లో తిరిగిన కాపీని నమ్ముకోవద్దు. బావమరిది వేరే లాయరును పెట్టుకోవాలి. ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరం కాబట్టి, జరిగింది పూర్తిగా చెప్పి అప్రూవర్‌గా మారే దారి అతనికి ఉంది. క్షమాభిక్ష ఇవ్వాల్సింది మేజిస్ట్రేటు, మీరో నేనో కాదు.

ఫ్రిజ్‌లో కుందేలు ఏమిటండీ! వేటాడిన జంతువు ప్రభుత్వ ఆస్తి. చేతికి వచ్చిన 48 గంటల్లో పోలీసులకో, అటవీ అధికారికో చెప్పాలి. మాంసం ఎవరి ఇంట్లో దొరికితే వాళ్లది అక్రమమేనని 57వ సెక్షన్ ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేయాల్సింది మీరు. పారేయకండి, పూడ్చకండి. ఒక వకీలును వెంటబెట్టుకుని ఈరోజే అటవీశాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్లండి. ఎలా వచ్చింది, ఎందుకు ఆలస్యమైందీ రాసి, అప్పగించి రసీదు తీసుకోండి.

పోలీసు స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ అయింది కదా అని ఊరుకోవద్దు. 55వ సెక్షన్ ప్రకారం అధికారం ఉన్న అధికారి ఫిర్యాదు వేయాలి. ఉత్త చార్జిషీటు మీద కోర్టు కేసు చేపట్టదు. అటవీశాఖ కదలకపోతే మీరే వేయొచ్చు, కానీ దానికి ముందు 60 రోజుల నోటీసు ఉండాలి. కరపత్రం, ఫొటోల జాబితా జతచేసి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. పంటను కాపాడుకోవడానికే చంపామని వాళ్లు వాదించొచ్చు. అలాగైతే వార్డెన్ గానీ, అధికారం ఉన్న అధికారి గానీ ఇచ్చిన రాతపూర్వక అనుమతి చూపించాలి.

వచ్చే పోటీని ఆపాలంటే కరపత్రం బయటికి రాగానే డీఎఫ్‌ఓకు (అటవీశాఖ అధికారికి), ఆర్డీఓకు రాతపూర్వకంగా ఇవ్వండి. అయినా ఎవరూ పట్టించుకోకపోతే అప్పుడు హైకోర్టుకు వెళ్దాం. ఆ రిట్‌కు మొదటి కాగితం మీ రిజిస్టర్డ్ పోస్టు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డే.