గుర్రాన్ని కొత్త శాలకు మార్చే ముందు దాని పేరున డబ్బు దాచండి

ప్రశ్న: నా గుర్రానికి 14 ఏళ్లు. నాలుగేళ్లుగా ఒకే శాలలో ఉంచుతున్నాను. అక్కడ చోటు మాత్రమే ఇస్తారు. మేత వేయడం, పేడ ఎత్తడం, ఒళ్లు తోమడం అన్నీ నేనే చేసుకోవాలి. ఉద్యోగంలో పని పెరిగింది, రోజుకు రెండుసార్లు వెళ్లడం నావల్ల కావడం లేదు. అన్నీ వాళ్లే చూసుకునే మంచి శాల ఒకటి దొరికింది. నా జీతం 100 అనుకుంటే ఇప్పుడు శాలకు 18 కడుతున్నాను, అక్కడ 31 కట్టాలి. ఇంటి ఖర్చు 55. రెండు నెలల అడ్వాన్సుకు, వ్యాను కిరాయికి, కొత్త జీనుకు కలిపి అప్పు తీసుకుంటే నెలకు 6 వాయిదా పడుతుంది. ఇంకా 8 మిగులుతుంది. గుర్రం బీమా ఇదే నెలలో రెన్యువల్‌కు వచ్చింది. దాన్ని ఇప్పటికి వదిలేసి ఆరు నెలల తర్వాత మళ్లీ తీసుకుందామనుకుంటున్నాను. రెండేళ్ల క్రితం ఒకసారి కడుపునొప్పి వచ్చింది, ఇప్పుడు బాగానే ఉంది. పొదుపు ఒక నెల జీతం ఉంది. పర్సనల్ లోన్ మేలా, క్రెడిట్ కార్డు ఈఎంఐ మేలా?

జవాబు: రెండూ వద్దు. శాల మారాలన్న మీ ఆలోచనలో తప్పేమీ లేదు. రోజుకు రెండు పూటలా చూసుకోలేనప్పుడు, చూసుకునేవాళ్ల దగ్గర ఉంచడం గుర్రానికి మీరు చేసే న్యాయమే. నా అభ్యంతరమల్లా ఈ నెలలో, ఈ పద్ధతిలో మార్చడం మీద. గుర్రం ఉన్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు చాలావరకు ఇలాగే ఉంటాయి. పాత ఫీజు ఇంత, కొత్త ఫీజు ఇంత, తేడా భరించగలనా అని లెక్క వేస్తారు. మార్చే నెలలో ఏమైనా జరిగితే డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న ఆ లెక్కలోకి రాదు. మీ ఉత్తరంలోనూ రాలేదు.

ముందు ఆ 8 సంగతి చూద్దాం. 55, 31, 6 కలిపితే 92, నిజమే. నాడాలు, పళ్లు అరగదీయించడం, టీకాలు, నట్టల మందు, బీమా ఏవి? వీటిని ‘అప్పుడప్పుడూ వచ్చే ఖర్చులు’ అని పక్కన పెట్టేశారు. నాడాల పని ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి వస్తుంది. రెండు నెలలకోసారి అనుకుంటే ఏడాదికి ఆరుసార్లు. ఆరు వారాలకోసారి అయితే తొమ్మిదిసార్ల దాకా వెళుతుంది. ఈ ఒక్క పద్దులోనే మనుషులు ఏడాదికి మూడు బిల్లులు మరిచిపోతారు. వీటన్నిటికీ నెలకు సగటున 7 పక్కన పెట్టండి, అంతకన్నా తక్కువలో తేలదు. అప్పుడు మీ మొత్తం 99. చేతిలో మిగిలేది 1. కొత్త శాలవాళ్లు డాక్టరు వచ్చినప్పుడు గుర్రాన్ని పట్టుకుని నిలబడినందుకు విడిగా రుసుము వేసినా, ఎండుగడ్డి ఇంతకు మించితే అదనం అన్నా, ఆ ఒక్కటీ పోతుంది.

ఇక మారే నెల. పాత శాలకు నెల ముందు చెప్పాలన్న షరతు దాదాపు ఎక్కడైనా ఉంటుంది. అంటే ఒక నెల రెండు చోట్లా కడతారు. ఇంటికి 55, పాత శాలకు 18, కొత్త శాలకు 31, అప్పటికే 104. వ్యాను ఇంకా కదలనే లేదు.

నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది మరో విషయానికి. మీ జేబు ఖాళీ అయ్యే నెలా, గుర్రం జబ్బు పడే అవకాశం పెరిగే నెలా ఒకటే. గుర్రం కడుపు మార్పును ఓర్చుకోదు. 500 కిలోల గుర్రం రోజుకు తన బరువులో ఒకటిన్నర నుంచి రెండు శాతం, అంటే ఏడున్నర నుంచి పది కిలోల దాకా ఎండు మేత తింటుంది. ఆ గడ్డిలోని పీచును అరిగించేది దాని వెనక పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు. అవి అలవాటుపడిన మేతకే పనిచేస్తాయి. కొత్త శాలలో కొత్త గడ్డి, కొత్త దాణా ఒక్కరోజులో మొదలుపెడితే ఆ సమతూకం చెదురుతుంది. కడుపులో గాలి చేరుతుంది, పేగు బిగుసుకుంటుంది. గుర్రం వాంతి చేసుకోలేదు కాబట్టి లోపలికి వెళ్లింది పైకి వచ్చే దారి లేదు. అందుకే మేతను 7 నుంచి 14 రోజుల మీద కొద్దికొద్దిగా మార్చమంటారు. దీనికి తోడు ప్రయాణం. వ్యానులో తల పైకి కట్టి గంటల తరబడి తీసుకెళితే ఊపిరితిత్తుల్లో దుమ్ము, క్రిములు చేరి జ్వరం రావచ్చు. కొత్త మందలో గొంతుగడ్డల జబ్బు ఉంటే ఆ సూక్ష్మక్రిమి సోకిన 3 నుంచి 14 రోజుల్లో లక్షణాలు బయటపడతాయి. మంచి శాలలు కొత్త గుర్రాన్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచేది అందుకే. ఆ వేరు గదికి విడిగా కట్టాలో లేదో మీరు అడిగినట్టు లేదు. అడగండి.

మీ గుర్రానికి ఒకసారి కడుపునొప్పి వచ్చింది. ఒకసారి వచ్చిన గుర్రానికి మళ్లీ వచ్చే అవకాశం మిగతావాటి కన్నా ఎక్కువ. ఆపరేషన్ దాకా వెళితే ఆ ఖర్చు ఒక ఎత్తు, తర్వాతది ఇంకో ఎత్తు. వారాల తరబడి గదిలోనే కదలకుండా ఉంచాలి, మళ్లీ స్వారీకి పనికిరావడానికి నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ శాల ఫీజు యథాతథంగా నడుస్తుంది. ఎక్కడానికి లేని గుర్రానికి నెలనెలా 31 కడుతూ ఉండటం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. వైద్య ఖర్చుల బీమా సాధారణంగా డాక్టరు బిల్లు చూస్తుందే తప్ప శాల ఫీజు చూడదు.

ఇలాంటి నెలలో బీమా వదిలేస్తానంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆరు నెలల తర్వాత మీరు తీసుకునేది ఇదే పాలసీ కాదు, కొత్త పాలసీ. కొత్త పాలసీలో అంతకుముందు వచ్చిన జబ్బులకు మినహాయింపు పెడతారు. మీకు అన్నిటికన్నా అవసరమైన కడుపునొప్పి కవరేజీయే పోతుంది. మొదటి 14 రోజుల్లో వచ్చిన జబ్బుకు డబ్బు రాదన్న షరతు కూడా చాలా పాలసీల్లో ఉంటుంది. పైగా వయసు. చాలా సంస్థలు 15 నుంచి 20 ఏళ్ల మధ్య ఎక్కడో గీత గీసి, అది దాటిన గుర్రాలకు జబ్బుల కవరేజీ తగ్గించేస్తాయి, లేదా ప్రమాదాలకే పరిమితం చేస్తాయి. మీ గుర్రానికి 14. ఆగకుండా నడుస్తున్న పాలసీని ఈ వయసులో తెంచుకుంటే, మళ్లీ అతికించుకోవడం మీ చేతుల్లో ఉండదు. ఈ వారమే ప్రీమియం కట్టండి. ఉన్న పొదుపులోంచి కట్టినా నేను తప్పు పట్టను. గుర్రం ఉండే చోటు మారుతోందని వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి.

అప్పు గురించి అడిగారు కాబట్టి చెబుతాను. పర్సనల్ లోన్‌తో అడ్వాన్సు కట్టారనుకోండి. మూడో వారంలో రాత్రి పదకొండింటికి డాక్టర్ని పిలవాల్సి వచ్చింది. చేతిలో ఉన్నది ఇంటికి సరిపోని పొదుపు, పక్కన బీమా లేదు. అప్పుడు గీకేది కార్డే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. కార్డు బాకీ మీద నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 అనుకుంటారు, వడ్డీ మీద వడ్డీ కలిస్తే అది 42 దాటుతుంది. మీ మిగులు 1. ఆ ఒక్కటితో ఆ బాకీ తీరదు, పెరుగుతూనే ఉంటుంది. ఇంకో మాట, శాల ఒప్పందం చదవండి. బాకీ తీరేదాకా గుర్రాన్ని బయటికి పంపకుండా ఆపే హక్కు చాలా ఒప్పందాల్లో శాలవాళ్లకు ఉంటుంది. ఫీజు తప్పిన గుర్రాన్ని అక్కడినుంచి చౌక శాలకు తీసుకెళదామన్నా కదలనివ్వరు. జీను కోసం అప్పు మాట మాత్రం మళ్లీ ఎత్తకండి. పాత జీనునే సరిచేయించి వాడండి.

ఇప్పుడు చేయాల్సింది. గుర్రం పేరున విడిగా ఒక ఖాతా తెరవండి, ఇంటి పొదుపును అందులో కలపొద్దు. మీ నెల జీతం పొదుపు ఇంటికి రెండు నెలలైనా సరిగ్గా రాదు, దాన్ని గుర్రం కోసం లెక్కలోకే తీసుకోకండి. కొత్త శాలలో గుర్రానికయ్యే మొత్తం ఖర్చు నెలకు 38. దానికి మూడు నెలలంటే 114. క్లెయిములో మీరు సొంతంగా పెట్టుకోవాల్సిన వాటా దానికి అదనం. ఇవాళ పాత శాలలో 18, మిగతా ఖర్చులకు 7, ఇంటికి 55 పోగా మీ దగ్గర 20 మిగలాలి. ఆరు నెలలు అక్కడే ఉండి ఆ 20 కదిలించకుండా దాచితే 120 అవుతుంది. ఆరు నెలలూ కొత్త ఫీజు కడుతున్నట్టే బతకాలి. ఉత్తరంలో ఈ 20 ఎటు పోతోందో మీరు రాయలేదు. రాకపోకలకా, దాణాకా, ఇంకెక్కడికైనానా అన్నది ముందు తేల్చండి. ఆరు నెలల్లో రెండు నెలలైనా ఆ డబ్బు దాచలేకపోతే, కొత్త శాల మీ జీతానికి మించిందన్నమాట. ఆ సంగతి అప్పు లేకుండా తెలియడం మంచిది.

ఈ ఆరు నెలలు రెండు పూటలా వెళ్లలేనంటే, పాత శాలలోనే ఒక పూట పని డబ్బిచ్చి చేయించుకోవడం, లేదా స్వారీ చేసే నమ్మకమైన మనిషితో ఖర్చులో వాటా పెట్టించి గుర్రాన్ని వారానికి కొన్ని రోజులు అప్పగించడం ఆలోచించవచ్చు. సగం పని వాళ్లు, సగం మీరు చేసే శాలలూ ఉంటాయి.

అడ్వాన్సుకు వేరే దారి చూడండి. రెండు నెలలది ఒకేసారి కాకుండా మూడు విడతల్లో తీసుకుంటారేమో కొత్త శాలవాళ్లను అడగండి, గది ఖాళీగా ఉన్నవాళ్లు చాలాసార్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అడ్వాన్సు డబ్బు ఆ 114కు అదనంగా చేరేదాకా ఆగండి, ఆ నిధిలోంచి మాత్రం తీయకండి. చోటు ఖాయమని కాగితం మీద వచ్చాకే పాత శాలకు నోటీసు ఇవ్వండి. బయలుదేరే రోజు రెండు వారాలకు సరిపడా పాత గడ్డి, పాత దాణా వ్యానులో వేయించుకోండి. దానికయ్యే ఖర్చు ఒక్కసారి డాక్టరు రాత్రిపూట వచ్చి వెళ్లేదానికన్నా చాలా తక్కువ.