ఫిలాసఫీ చదివిన అమ్మాయికి పర్యావరణ చట్టంలో చోటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఫిలాసఫీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. నదులకూ అడవులకూ హక్కులిచ్చే అంతర్జాతీయ చట్టంలో పనిచేస్తానంటోంది. చదువు దండగవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, వరంగల్

జవాబు: దండగ కాదండీ. కానీ ఫిలాసఫీ ఒక్కటే సరిపోదు, లా డిగ్రీ తప్పనిసరి.

ఈ రంగంలో అసలు గొడవ తత్వశాస్త్రానిదే. ప్రతి జీవీ మనిషికి పనికొచ్చినా రాకపోయినా గౌరవించదగ్గదేనని 1982లో ఐక్యరాజ్యసమితి ప్రకృతి చార్టర్ చెప్పింది. పదేళ్లకు బ్రెజిల్‌లోని రియోలో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు చేసిన రియో ప్రకటన, సుస్థిరాభివృద్ధికి కేంద్రం మనిషేనని మొదటి సూత్రంలోనే రాసుకుంది. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడం ఇప్పటికీ తేలని పని.

తేలకపోతే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలను చట్టం దృష్టిలో వ్యక్తులుగా ప్రకటించింది, అంటే మనిషిలాగే వాటికీ హక్కులూ బాధ్యతలూ ఉంటాయన్నమాట. మరి వరదొచ్చి జనం నష్టపోతే పరిహారం ఎవరు కట్టాలి? ఇలాంటి అభ్యంతరాలతోనే రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది, జులైలో స్టే వచ్చింది. అదే మార్చిలో న్యూజిలాండ్ పార్లమెంటు వాంగనూయీ నదికి అదే హోదా ఇచ్చింది. అయితే నది తరఫున మాట్లాడే ఇద్దరిలో ఒకరిని ప్రభుత్వం, మరొకరిని ఆ నదీతీర మావోరీ తెగలు (అక్కడి ఆదివాసులు) నామినేట్ చేయాలని చట్టంలోనే రాశారు. ఆ చట్టం ఇప్పటికీ నడుస్తోంది. హక్కు ఎవరిది, బాధ్యత ఎవరిది అని విడదీసి ఆలోచించడం ఫిలాసఫీ విద్యార్థికి అలవాటైన పనే కదా!

మీ జిల్లా సంగతే చూడండి. వరంగల్ దగ్గర 106 ఎకరాల అటవీ భూమి వివాదంలో, మనిషిని మధ్యలో పెట్టి చూసే పద్ధతి మారి ప్రకృతిని మధ్యలో పెట్టి చూడాలని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంది. ఆ తీర్పు అమ్మాయి చేత చదివించండి.

డిగ్రీ అయ్యాక లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, తర్వాత పర్యావరణ చట్టంలో ఎల్‌ఎల్‌ఎం చేయాలి. స్పానిష్ కూడా నేర్చుకోమనండి, హైదరాబాద్‌లోని భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో చెబుతారు. ప్రకృతి హక్కులను 2008లోనే రాజ్యాంగంలో పెట్టిన ఈక్వడార్ తీర్పులన్నీ ఆ భాషలోనే ఉంటాయి. అంతర్జాతీయ సంస్థల్లో నేరుగా చేరేవాళ్లు తక్కువ. పర్యావరణ వివాదాల కోసమే ఉన్న గ్రీన్ ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌లోనో హైకోర్టులోనో కేసులు చూసే లాయర్ దగ్గర కొన్నేళ్లు పనిచేయడం మంచిది. మొదట్లో ఆదాయం తక్కువే ఉంటుంది, ఆ నాలుగైదేళ్లు ఇంటినుంచి మీ ఆసరా కావాలి.