జేమ్స్‌టౌన్‌లో పొగాకు పెత్తనం అంతలా ఎందుకు సాగింది?

1607లో ఇప్పటి అమెరికాలోని వర్జీనియాలో జేమ్స్‌టౌన్ అనే ఇంగ్లిష్ కాలనీని పెట్టింది, ఇంగ్లండ్ రాజు అనుమతితో లాభం కోసం దిగిన వర్జీనియా కంపెనీ. లాభం సంగతి అటుంచి, మొదట్లో తిండికే గతి లేదు. 1609-10 చలికాలంలో గుర్రాలు, కుక్కలు, చివరికి బూట్ల తోలు కూడా తిన్నారు. అయినా ఎక్కువమంది చనిపోయారు. అక్కడికి వలస వచ్చిన జాన్ రోల్ఫ్ పొగాకు సాగు మొదలుపెట్టాకే కాలనీ నిలదొక్కుకుంది. డబ్బుకు బదులు పొగాకే చెలామణీ అయింది, చర్చి పాస్టర్ల జీతం కూడా అందులోనే!

1619లో ఎన్నికైన ప్రతినిధుల సభ మొదటిసారి కూర్చున్నది చర్చిలోనే. అక్కడ పొగాకు ధర గురించి కూడా చర్చించారు. కొద్ది వారాలకే ఓడలో తెచ్చిన ఆఫ్రికన్లను తిండిసరుకులకు మార్చుకున్నారు. ఆ సభను గొప్పగా చెప్పి దీన్ని వదిలేయడం అన్యాయం. పొగాకు తోటలకు భూములు పోగొట్టుకున్న అక్కడి స్థానిక పౌహాటన్ తెగలకైతే ఆ సభలో చోటే లేదు.