బ్యాంకు జవాబిచ్చేదాకా కనెక్షన్ పట్టుకోవద్దు నాయనా

చిన్నోడా,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసినాడు. బెంగళూరు ఉద్యోగం వదిలేసినావంట, ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి తిరుపతిలోనే లాడ్జి రూములు బుక్ చేసే యాప్ పెడతా ఉండావంట, అదీ వైకుంఠ ఏకాదశికి ముందే లైవ్ అంట. ఫోన్ పెట్టినాక నిద్ర పట్టలేదు నాకు, సంతోషం ఎంత ఉందో భయం కూడా అంతే ఉంది. తాత తర్వాత మన ఇంట్లో సొంతంగా అంగడి పెట్టేది నువ్వే. కానీ ఏకాదశి నుంచి 10 రోజులు వైకుంఠ ద్వారం తెరిచి ఉంటాది, ఆ 10 రోజులు ఊరు ఎట్ల ఉంటాదో లీలామహల్ సర్కిల్ కాడ పెరిగినోడివి నీకు చెప్పాలా, ఆ జనంలో పావు వంతు మీ యాప్ తెరిచినా ఆ బరువంతా పోయి పడేది నీ డేటాబేస్ మీదే.

పొద్దున్నే లేచి నువ్వు పంపిన కోడ్ చూసినా. పాస్‌వర్డ్ కోడ్‌లో పెట్టొద్దు. బ్యాకప్ తీస్తే చాలదు, ఒకసారి రీస్టోర్ చేసి చూసుకో. కనెక్షన్ పూల్ పెట్టుకున్నావు, అంటే డేటాబేస్‌తో మాట్లాడే దారులు కొన్ని ముందే తెరిచిపెట్టి, వాడుకున్నోడు తిరిగిచ్చేట్టు, మంచిపని, ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త కనెక్షన్ తెరవాలంటే నెట్‌వర్క్‌లో అటూ ఇటూ పలకరింపులు, పాస్‌వర్డ్ చెకింగు, ఆపైన పోస్ట్‌గ్రెస్ ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ పుట్టించాల, నీ డేటాబేస్ అదే గదా, రెండు మిల్లీసెకన్ల క్వెరీకి ఆ తతంగమంతా ఎందుకు.

కానీ పూల్ సైజ్ 50 ఏందిరా? యాప్ సర్వర్లు నాలుగు, అంటే 200. పోస్ట్‌గ్రెస్‌లో నువ్వు మార్చకపోతే మొత్తం కనెక్షన్లు 100, అందులో 3 సూపర్‌యూజర్‌కి, అంటే అన్ని అధికారాలూ ఉండే యూజర్‌కి, పక్కన పెట్టి ఉంటాది. నీ పూల్‌ని నడిపే హికారి వాళ్ళు డిఫాల్ట్ 10 అని ఊరికే పెట్టలేదు. డేటాబేస్ మెషీన్‌లో కోర్ల సంఖ్యని, అంటే ఒకేసారి పని చెయ్యగల ప్రాసెసర్ భాగాల సంఖ్యని, రెండుతో గుణించి డిస్కుల సంఖ్య కలుపు అని ఒక లెక్క వాళ్ళే చెప్తారు, అది ఒక సర్వర్‌కి కాదు, అన్ని సర్వర్లూ కలిపి డేటాబేస్‌కి. నీది 4 కోర్ల మెషీన్, అంటే మొత్తానికి తొమ్మిదో పదో. సర్వర్‌కి 2 తో మొదలుపెట్టి లోడ్ టెస్ట్ చేసి, చాలకపోతే ఒక్కొక్కటే పెంచు.

తక్కువ అనిపిస్తా ఉందా? తాత అంగడి గుర్తు తెచ్చుకో. నువ్వు చిన్నపిల్లోడివి, సరిగా గుర్తుండదేమో, పెండ్లిండ్లకి వంట సామాన్లు బాడుగకి ఇచ్చేటోడు. పెద్ద గుండిగలు పన్నెండే. మాఘమాసం వస్తే ముహూర్తాలన్నీ ఒకేసారి, అందరూ ఇంకా కొను ఇంకా కొను అనేవాళ్ళు. ఆయన అడిగేది ఒకటే, వంటోడా, నీకు పొయ్యిలెన్ని? నాలుగు పొయ్యిలుండేటోడు పది గుండిగలు తీసుకపోతే ఆరు ఊరికే పడుంటాయి, పక్క పెండ్లికి లేకుండా పోతాయి. నీ కోర్లే ఆ పొయ్యిలు. వంద కనెక్షన్లు ఒకేసారి పని అడిగితే డేటాబేస్ ఒకదాన్నించి ఇంకోదానికి మారేదానికే అలిసిపోతాది.

ఇంకోటి, తోమకుండా తెచ్చిన గుండిగ తాత లోపలికి రానిచ్చేటోడు కాదు. హికారి కూడా కనెక్షన్ తిరిగొచ్చినప్పుడు కమిట్ కాని, అంటే ఇంకా ఖాయం కాని పనిని వెనక్కి తీసి రోల్‌బ్యాక్ చేస్తాది, ఆటోకమిట్ సెట్టింగ్‌ని సరిచేస్తాది. కానీ నువ్వు సెట్ అని రాసి టైమ్‌జోన్ మార్చినావే రిపోర్టుల కోసం, అది తోమదు. అట్లే ఉండిపోయి తర్వాత తీసుకున్నోడికి తగులుకుంటాది. ఆ లైన్ తీసెయ్.

ఇప్పుడు అసలు మాట చెప్తా. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

2009 సంక్రాంతి. నేను చెన్నైలో ఒక ప్రైవేట్ బస్సుల టికెట్ల సైట్‌కి పని చేస్తా ఉంటి. బుకింగ్ కోడ్ మొత్తం నాదే. సీటు పట్టుకోవడం, డబ్బు కట్టించుకునే బ్యాంకు గేట్‌వేని పిలవడం, డబ్బు వచ్చిందని రాసుకోవడం, మూడూ ఒకటే ట్రాన్సాక్షన్‌లో, అంటే జరిగితే అన్నీ జరగాల లేకపోతే ఏదీ జరగకూడదు అనే ఒకటే మూటలో పెట్టినా, అట్ల పెడితే గట్టిగా ఉంటాదని నా నమ్మకం. మామూలు రోజుల్లో గేట్‌వే రెండు సెకన్లలో జవాబిచ్చేది, ఎవరికీ ఏం తెలియలేదు. భోగికి ముందు రోజు సాయంత్రం అది 40 సెకన్లు తీసుకోవడం మొదలుపెట్టింది. 40 సెకన్లూ నా కనెక్షన్ ఏ పనీ చెయ్యకుండా ట్రాన్సాక్షన్ తెరుచుకుని కూర్చుంది. సర్వర్‌కి 20 కనెక్షన్లు, అర నిమిషంలో అయిపోయినాయి. టికెట్ కొనేవాళ్ళే కాదు, బస్సు టైమ్ చూసుకునేవాళ్ళకి కూడా పేజీ తిరగతానే ఉంది, ఎందుకంటే పూల్ ఒకటే, ఎంతసేపు ఎదురుచూడాలో లిమిట్ కూడా నేను పెట్టలేదు.

నేనేం చేసినా తెలుసా, పూల్ 90 చేసినా. రెండు సర్వర్లలోనూ. పది నిమిషాల్లో డేటాబేస్ సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ అనేసింది. లోపల ఏం జరుగుతా ఉందో చూద్దామని లాగిన్ అవబోతే నన్నే రానివ్వలేదు, అప్లికేషన్‌కి కూడా నేను పోస్ట్‌గ్రెస్ సూపర్‌యూజర్నే ఇచ్చిపెట్టినా గదా, ఆ 3 సీట్లనూ అదే తినేసింది. ఇంటికి తాళం వేసి బీగంచెవి లోపల పెట్టినట్టయింది. రెండు సర్వర్లూ ఆపేస్తే గానీ లోపలికి పోలేకపోయినా. ఆ ఆపడంతో సగంలో ఉండే ట్రాన్సాక్షన్లన్నీ రోల్‌బ్యాక్. బ్యాంకు మాత్రం డబ్బు తీసేసుకుంది.

రాత్రి పదకొండుకి కోయంబేడు బస్టాండ్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసినాడు, నంబర్ ఎవరిచ్చినారో ఏమో. మనవరాలిని తోడు పెట్టుకుని మదనపల్లికి పోవాలంట. డబ్బు కట్ అయింది, టికెట్ లేదు, చేతిలో ఇంక డబ్బులు లేవు. తిట్టలేదు చిన్నోడా. అమ్మా, ఇప్పుడు మేమేం చెయ్యాల అని అడిగినాడు, అంతే. నా డబ్బుతో ఆటో పట్టుకుని పోయి వేరే బస్సు ఎక్కించినా. తక్కిన వాళ్ళ దగ్గరికి పోలేకపోయినా గదా, ఎంతమందో కూడా నాకు తెల్లారినాకే తెలిసింది. ఆ గొంతు ఇప్పటికీ మతికొస్తాది.

అందుకే నీ బుకింగ్ ఫంక్షన్ మీద ట్రాన్సాక్షనల్ అని పెట్టి దాని లోపలే పేమెంట్‌ని పిలవడం చూసి నా చేతులు వణికినాయి. అచ్చం నేను రాసినట్టే రాసినావు.

దాన్ని మూడు ముక్కలు చెయ్. రూము పెండింగ్ అని, పది నిమిషాల గడువు పెట్టి రాసి, కమిట్ చేసి కనెక్షన్ వదిలెయ్. ఆ తర్వాత వట్టి చేతులతో గేట్‌వేని పిలువు. జవాబు వచ్చినాక ఇంకో చిన్న ట్రాన్సాక్షన్‌లో కన్ఫర్మ్ చెయ్, అదే జవాబు రెండుసార్లు వచ్చినా ఒకసారే లెక్కయ్యేలా బుకింగ్ నంబర్ చూసుకో. గడువు దాటినాక డబ్బు వచ్చి రూము పోయుంటే వెంటనే రీఫండ్, మనిషి అడగాల్సిన పని లేకుండా. స్ప్రింగ్ బూట్‌లో ఓపెన్ ఇన్ వ్యూ అనే సెట్టింగ్ నువ్వు మార్చకపోతే ఆన్‌లో ఉంటాది, ముందు దాన్ని ఆఫ్ చెయ్, లేకపోతే ట్రాన్సాక్షన్ అయిపోయినా రిక్వెస్ట్ అయ్యేదాకా కనెక్షన్ చేతిలోనే ఉంటాది, నువ్వు మూడు ముక్కలు చేసిందంతా దండగ. కనెక్షన్ కోసం ఎదురుచూసే టైమ్ హికారిలో 30 సెకన్లు ఉంటాది, 3 చెయ్, ఖాళీ లేదు మళ్ళీ నొక్కండి అని చెప్తే మనిషికి ఒక దారి తెలుస్తాది. లీక్ డిటెక్షన్ 10 సెకన్లకి పెట్టు, ఎవడు పట్టుకుని కూర్చున్నాడో లాగ్‌లో పడతాది. పోస్ట్‌గ్రెస్‌లో ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్‌కి, అంటే ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే కూర్చునే కనెక్షన్‌కి, టైమవుట్ పెట్టు, మా కాలంలో అది లేదు, 9.6 వెర్షన్ నుంచి ఉంది. అప్లికేషన్‌కి వేరే మామూలు యూజర్, సూపర్‌యూజర్ నీ దగ్గర మాత్రమే. ఇది ఈ రోజే చెయ్, అన్నం తినే ముందే.

ఆదివారం లాప్‌టాప్ తీసుకుని ఇంటికి రా. గేట్‌వే బదులు 40 సెకన్లు నిద్రపోయే డమ్మీ ఒకటి రాసిపెట్టినా, దాన్ని తగిలించి నీ యాప్‌ని ఇద్దరం కలిసి కొట్టి చూద్దాం. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి చేస్తా, నీ ఫ్రెండ్స్‌ని కూడా పిలుచుకుని రా. ఏకాదశి ముందు రాత్రి నేను మేలుకునే ఉంటా, రెండు గంటలకైనా సరే ఫోన్ చెయ్.

మీ అత్త