ఐదు నెలల ముక్కును చూసి బెంగపడకు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నాకు 25 ఏళ్లు. ముక్కు మీది బొడిపె తీయించుకోవడానికి ఐదు నెలల కింద హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకున్నాను. బొడిపె పోయింది గానీ, కొన లావుగా, కాస్త ఎడమకు వంగినట్టు ఉంది. రోజుకు యాభై సెల్ఫీలు తీసి చూసుకుంటున్నాను. మొన్న ఒక పెళ్లిలో మేనత్త 'మునుపటి ముక్కే బాగుండె' అంది. అప్పటి నుంచి గడప దాటడం లేదు. అమ్మ చిట్టీ ఎత్తి డబ్బులు కట్టింది. ఇంకో డాక్టర్ వచ్చే నెలలోనే సరిచేస్తానంటున్నాడు. చేయించుకోమంటారా?

జవాబు: తల్లీ, వచ్చే నెల వద్దు. ఆ డాక్టర్ తొందర చూస్తేనే నాకు భయంగా ఉంది. ఈ ఆపరేషన్ తర్వాత పైకి కనిపించే వాపు చాలావరకు కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కొన దగ్గరి వాపు మాత్రం మొండిది. పూర్తిగా తగ్గడానికి ఏడాది పడుతుంది, చర్మం మందంగా ఉన్నవాళ్లకు ఏడాదిన్నర కూడా. ఒక పక్క ముందు తగ్గి, ఇంకో పక్క ఆలస్యమైతే వంకరగా కనిపిస్తుంది. అందుకే సరిదిద్దే ఆపరేషన్‌కు సాధారణంగా కనీసం 12 నెలలు ఆగమంటారు. పైగా రెండోసారి అంత సులువు కాదు. లోపల మచ్చ గట్టిపడి ఉంటుంది. ముక్కు మధ్య గోడలోని మృదులాస్థి (మెత్తటి ఎముక) ముందే వాడేసి ఉంటే చెవి నుంచో పక్కటెముక నుంచో తీయాల్సి వస్తుంది.

ఊపిరి సంగతి నువ్వు రాయలేదు. ఒక రంధ్రం మూసుకుపోయినట్టుంటే మాత్రం ఏడాది ఆగకు, ఈ వారమే చూపించుకో. మొదట చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్లి పాత ఫొటోలు ముందు పెట్టి మాట్లాడు. కేస్ షీట్ కాపీ కూడా అడుగు. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది నిబంధన.

ఇక సెల్ఫీలు. అడుగు దూరం నుంచి తీసిన ఫొటోలో ముక్కు, ఐదడుగుల నుంచి తీసినదానికన్నా దాదాపు 30 శాతం వెడల్పుగా పడుతుంది. అంటే రోజుకు యాభైసార్లు నీకు లేని ముక్కును చూసి నువ్వు ఏడుస్తున్నావు. అవన్నీ తీసేయ్. నెలకొకసారి, ఒకటో తారీఖున, కిటికీ పక్కన నిలబడి ఐదడుగుల దూరం నుంచి అమ్మతో రెండే ఫొటోలు తీయించుకో. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి.

ముక్కు కన్నా నువ్వు గడప దాటకపోవడమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అద్దం ముందు గంటలు గడుస్తుంటే, ఆ ఆలోచన నిద్రలో కూడా వదలకపోతే, మానసిక వైద్యుల్ని కలువు. ఆ స్థితిలో ఎన్ని ఆపరేషన్లు చేయించుకున్నా మనసుకు ఇంకో లోపం దొరుకుతూనే ఉంటుంది. దానికి మంచి చికిత్స ఉంది. నల్గొండ దాకా వెళ్లలేనంటే 14416కి ఫోన్ చెయ్. అది టెలి మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మేనత్త మాట గురించి ఒకటి అడుగుతాను. ఆ బొడిపె మీ నాన్న వైపుదేనా? ఆమెకూ ఉందా? ఉంటే, తన ముక్కు మేనకోడలికి నచ్చలేదని ఆమెకూ కష్టం కలిగి ఉండొచ్చు. అది నీ అందం మీద తీర్పు కాకపోవచ్చు.

అమ్మతో మాత్రం ఇవాళే మాట్లాడు. 'చిట్టీ డబ్బులు దండగ చేశానేమోనని టెన్షన్‌గా ఉందమ్మా' అని వంటింట్లో ఆమె పక్కన కూర్చుని చెప్పు. నెలనెలా ఆ కిస్తీ కడుతూ, నువ్వు గదిలో ఎందుకు తలుపేసుకుంటున్నావో తెలియక ఆమె కూడా కుమిలిపోతూ ఉంటుంది.