ఇనాంగావ్ తల్లుల మీద పరిశోధనకు వెళ్తున్న మేనకోడలికి

చి. శ్రావణికి మీ అత్తయ్య దీవించి రాయునది.

పుణె దక్కన్ కాలేజీలో పీహెచ్‌డీకి సీటు వచ్చిందని, పుణె జిల్లాలోని పురాతన గ్రామం ఇనాంగావ్ తల్లుల కాన్పుల మీద పని చేస్తావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. గర్వంగా ఉంది. వెంటనే గుబులూ పట్టుకుంది. మూడు వేల ఏళ్ల కిందటి ఆడవాళ్ల గురించి నోరు జారడం చాలా తేలిక. ఒకసారి అచ్చులో పడితే వెనక్కి తీసుకోలేం.

మామూలు జాగ్రత్తలు ముందు చెప్పేస్తాను. ఇనాంగావ్ తవ్వకాలు 1983లోనే ముగిశాయి కాబట్టి నీ చేతికొచ్చేవి పెట్టెల్లో ఉన్న ఎముకలు. కొత్త చోట తవ్వే అవకాశం వస్తే పసిబిడ్డ ఎముకల దగ్గర ఇనుప పనిముట్టు పెట్టకు. వెదురు పుల్ల, మెత్తటి బ్రష్షు చాలు. పసిబిడ్డను పెట్టిన కుండకు గుడ్డ చుట్టి మొత్తంగా ఎత్తించు, సీటీ స్కాన్ అయ్యాకే తెరువు. లోపలి మట్టినంతా ఒక మిల్లీమీటరు జల్లెడ పట్టు. చిగుళ్లలోంచి ఇంకా బయటికి రాని పాలపళ్లు పలచటి డొప్పల్లా ఉంటాయి. కూలీలే కాదు, చదువుకున్నవాళ్లూ గుల్ల ముక్కలనుకుని పారేస్తారు. నీకు పనికొచ్చేవి అవే.

ఇక అసలు సంగతి. తుంటి ఎముక చూసి కాన్పులు లెక్కపెట్టకు.

ఈ పొరపాటు పాతదే, కానీ ఇంకా చావలేదు. కాన్పులో కీళ్ల బంధనాలు సాగుతాయి, అవి ఎముకను పట్టుకునే చోట చిన్న గుంటలు పడతాయి, కాబట్టి గుంటలు ఎక్కువుంటే కాన్పులు ఎక్కువ అనుకున్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. 1960ల చివర్లోనూ 70ల్లోనూ కొందరు ఆ లెక్కతో ‘ఈమెకు నలుగురు, ఆమెకు ఆరుగురు’ అంటూ ఊళ్లకు ఊళ్ల సంతాన సంఖ్యలే రాసేశారు. ఆ పట్టికలు చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉండేవో!

ఆ లెక్కకు లండన్‌లో పరీక్ష ఎదురైంది. స్పిటల్‌ఫీల్డ్స్ చర్చి నేలమాళిగను 1984–86లో ఖాళీ చేసినప్పుడు దాదాపు వెయ్యి శవపేటికలు బయటపడ్డాయి. 387 మందికి పేరు, వయసు చెక్కిన రేకులు ఉన్నాయి. చర్చి రిజిస్టర్లు చూస్తే ఎవరికి ఎంతమంది పిల్లలో తెలిసింది. ఆ ఆడవాళ్ల తుంటి ఎముకలను కాన్పుల సంఖ్యతో పోల్చి 1992లో ఫలితం ప్రకటించారు: గుంటలకూ కాన్పుల సంఖ్యకూ పొంతన లేదు. కననివాళ్లకూ గుంటలుంటాయి, కొందరు మగవాళ్లకూ ఉంటాయి. తుంటి ఆకారం, ఒళ్లు బరువు, కీళ్ల కదలిక కూడా వాటికి కారణమవుతాయి. కాబట్టి గుంట ఉందా, ఎంత లోతు అన్నది 0 నుంచి 3 దాకా అంకె వేసి నమోదు చెయ్యి, ఫొటో తియ్యి. అంతే. పక్కన ‘బహు సంతానవతి’ అని ఒక్క మాట రాశావో, నేనే వచ్చి కొట్టేస్తాను. అలాగే పాతికేళ్ల ఆడమనిషి అస్థిపంజరం కనిపించగానే పురిట్లో పోయిందని తేల్చకు. గర్భంలో బిడ్డ ఎముకలు చెదరకుండా ఉంటేనే ఆ మాట ఎత్తు, అప్పుడైనా ‘బహుశా’ వదలకు.

మరి తల్లి గురించి ఎలా తెలుస్తుందంటావా? బిడ్డ వైపు నుంచి చూడాలమ్మా.

బిడ్డ గట్టిగా, తరచుగా పాలు తాగుతున్నంత కాలం తల్లికి మళ్లీ గర్భం నిలవడం ఆలస్యమవుతుంది. పాలు మాన్పించిన వయసు తెలిస్తే బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం ఎంతో అంచనాకు వస్తుంది. తల్లిపాల మీదున్న బిడ్డ కొల్లాజెన్‌లో (ఎముకల్లో, పళ్లలో ఉండే ప్రోటీన్) బరువైన నైట్రోజన్ (నైట్రోజన్-15) తల్లికన్నా వెయ్యికి 2–3 భాగాలు ఎక్కువుంటుంది, మాన్పించాక దిగుతుంది. కానీ అప్పుడే పుట్టిన బిడ్డకు తల్లి విలువే ఉంటుంది, జబ్బుతో చిక్కిన బిడ్డకు పాలు లేకుండానే పెరగొచ్చు. పైగా కుండల్లో ఉన్నవాళ్లు బతకని పిల్లలు. బతికి పెద్దయిన వాళ్ల బాల్యం కావాలంటే పెద్దల మొదటి శాశ్వత దవడపన్ను తీసుకో. అది పుట్టుక వేళకు మొదలై తొమ్మిది పదేళ్లకు వేరు కొసదాకా పూర్తవుతుంది. పంటి పైపొర ఎనామెల్ కింద ఉండే డెంటిన్‌ను పై నుంచి కిందికి ఒక్కో మిల్లీమీటరు కోస్తే పాలు తాగిన నాటి నుంచి వరుసగా చదవొచ్చు. కార్బన్, నైట్రోజన్ పరమాణువుల నిష్పత్తి 2.9–3.6 మధ్య లేకపోతే కొల్లాజెన్ చెడిందని లెక్క, ఆ ముక్క పక్కన పెట్టేయ్. మన దక్కన్ ఎండలకు కొల్లాజెన్ నిలవకపోవచ్చు, ముందు నాలుగైదు మామూలు ముక్కలతో పరీక్షించు. నిలవకపోతే ఎనామెలే దిక్కు. పాలపంటి ఎనామెల్‌లో పుట్టిన వేళ పడే సన్నటి గీత, పుట్టుక గీత, ఉంటుంది. బిడ్డ వారం, పది రోజులు బతికితే గానీ అది మామూలు సూక్ష్మదర్శినిలో కనిపించదు. పుట్టగానే పోయిన బిడ్డనూ, కొన్నాళ్లు పాలు తాగిన బిడ్డనూ వేరుచేయడానికి దానికి మించిన ఆధారం నాకు తెలియదు.

ఇంకో ఉచ్చు ఉంది. పిల్లల సమాధులు ఎక్కువుంటే వెంటనే చావులు ఎక్కువ అంటారు. జననాలు పెరిగినా సమాధుల్లో పిల్లల వాటా పెరుగుతుంది. అందుకే జననాల అంచనాకు, సమాధుల్లో ఐదేళ్లు దాటినవాళ్లందరిలో 5–19 ఏళ్ల వాళ్ల వాటా చూస్తారు. ఇనాంగావ్‌లో పసిపిల్లలను రెండు కుండల మూతులు కలిపి ఇంటి నేల కిందే పెట్టారు, అందుకే వాళ్లు ఎక్కువ దొరికారు. పెద్దలందరూ దొరికారని అనుకోకు.

మట్టి బొమ్మల గురించి ఒక్క మాటే. ఇనాంగావ్‌లో దొరికిన తల లేని స్త్రీ బొమ్మను చూడగానే నీకు అలంపురంలోని తల లేని దేవత విగ్రహం లజ్జాగౌరి గుర్తొస్తుంది, నాకు తెలుసు. మధ్యలో వెయ్యేళ్లకు పైగా ఖాళీ ఉంది. పోలిక ఫుట్‌నోట్‌లో ఉంచు. ‘మాతృదేవత’ అని శీర్షిక పెట్టకు.

పసిబిడ్డ కుండ మొదటిసారి తెరిచిన రోజు రాత్రి ఫోన్ చెయ్యి. ఏడుపు వస్తే రానివ్వు, అందులో సిగ్గేం లేదు. కానీ తెల్లారి కొలతలు తప్పకూడదు: తొడ ఎముక ఏడున్నర సెంటీమీటర్ల దరిదాపు ఉంటే నెలలు నిండిన బిడ్డే అని గుర్తుంచుకో.

పన్ను కోయడానికి అనుమతి దరఖాస్తు పెట్టేముందు నాకోసారి పంపు. ఏ పన్ను, ఏ సమాధిది, ఎన్ని మిల్లీగ్రాములు, మిగిలిన ముక్క ఎక్కడ భద్రపరుస్తావు, కోసేముందు స్కాన్ ఎవరు తీస్తారు, ఇవన్నీ అందులో ఉండాలి.

మీ అత్తయ్య